ఎర్రమిట్ట గేటు నంబరు

రైల్వేలో అబద్ధం చెల్లదని కృపాకుమారి గట్టిగా నమ్మేది, ఆ రోజు మధ్యాహ్నం దాకా.

నమ్మడానికి కారణం లేకపోలేదు. ఆమె అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా పనిచేసేది గుంతకల్లు వైపు పోయే లైను మీద ఒక బుడ్డ స్టేషన్‌లో. ప్యాసింజరు బండ్లు తప్ప అక్కడ ఏవీ ఆగవు. ఎక్స్‌ప్రెస్‌లు మన మొహాన ఇంత దుమ్ము కొట్టి వెళ్ళిపోతాయి. ప్లాట్‌ఫారం దాటితే రాళ్ళగుట్ట, గుట్టను చుట్టుకుని ఒక వంపు, వంపు అవతల ఎర్రమిట్ట గేటు. ఆ గేటు స్టేషన్‌లోకి కనబడదు. గేటుకీ ఆమె బల్లకీ నడుమ ఉన్నదల్లా ఒక టెలిఫోను, ఆ టెలిఫోనులో వచ్చే ఒక నంబరు.

ఆ నంబరు సంగతి చెప్పాలి. బండి వస్తోందని ఆమె ఫోన్ చేస్తుంది. గేట్‌మన్ ఎర్రప్ప బయటికి వెళ్ళి గేటు దించి, తాళం వేసి, లోపలికి వచ్చి తన దగ్గరున్న కాగితంలో వరసలో ఉన్న నంబరు చదువుతాడు. ఆ నంబర్లు ఒకటీ రెండూ మూడూ అని లెక్క ప్రకారం ఉండవు, ఆయనకు తప్ప ఎవరికీ తెలియవు. గేటు పడితేనే నంబరు, నంబరు వస్తేనే సిగ్నలు, సిగ్నలు ఇస్తేనే బండి. గేటును కళ్ళతో చూడాల్సిన పని లేకుండా ఎవరో బుర్రగలవాడు కట్టిన ఏర్పాటు. కృపాకుమారికి ఇది మహా ఇష్టం. ఎందుకంటే ఆమె అనంతపురంలో ఎమ్మే తత్వశాస్త్రం చదివింది, అందులోనూ తర్కం.

"తర్కమంటే కొట్లాడేది కదా పాపా? దానికి కాలేజీ ఏంటికి, మీ యమ్మ ఇంట్లోనే నేర్పుతాది" అనేవాడు వాళ్ళ నాయన ఇమ్మానుయేల్, గొర్రెలు కాసుకునే మనిషి. ఇంట్లో నవ్వులే నవ్వులు. కానీ కాలేజీలో ఓబన్న సారు పాఠం చెబుతుంటే కృపకు ఒళ్ళంతా చెవులయ్యేవి. ఒకరోజు ఆయన బోర్డు మీద ఇలా రాశాడు: ఎద్దు ఈనింది. ఏది ఈనినా దూడ ఉంటుంది. కాబట్టి దూడ ఉంది, గాటికి కట్టెయ్యి.

క్లాసంతా గొల్లుమంది. "నవ్వు సరే, ఈ వాదం చెల్లుతుందా?" అన్నాడు సారు.

కృప లేచింది. "చెల్లుతుంది సార్. అమరిక సరిగ్గా ఉంది. ఎద్దు ఈనుతుందా లేదా అనేది తర్కం చూసే పని కాదు."

"శభాష్. అయితే ఇంకో మాట చెప్పు. చెల్లుబాటు వాక్యాల అమరికలోంచి వస్తాందా, మాటల అర్థంలోంచి వస్తాందా? అర్థమంటే ఏంది? నాకు తోచింది జెప్తా. ఒక మాటను ఎప్పుడు అనొచ్చునో ఒక లెక్క ఉంటాది. అన్నాక దాన్ని పట్టుకుని ఏం చెయ్యొచ్చునో ఇంకో లెక్క ఉంటాది. రెండూ ఒకదానికొకటి సరిపోతేనే అది మాట. అనే కాడ కాపలా లేదనుకో, ఆ మాట పట్టుకుని చేసే పనులన్నీ పద్ధతి ప్రకారమే జరుగుతాయి, మనిషి మాత్రం గుంతలో పడతాడు."

కృప అది పరీక్షలో రాసింది, మంచి మార్కులు తెచ్చుకుంది, మరిచిపోయింది. మనం పరీక్షలో రాసినవన్నీ గుర్తు పెట్టుకుంటే దేశం ఇట్లా ఎందుకు ఉంటుంది?

ఆ రోజు ఆషాఢం గాలి పిచ్చిపట్టినట్టు వీస్తోంది. వానల్లేవు. వేసిన వేరుశనగ విత్తనం నేలలోనే మాడిపోయింది. ఆ ఏడు పంట పండిందంటే గుట్టల మీది గాలిమరలకే పండింది. గొర్రెలవాళ్ళు మందలను తోలుకుని నీళ్ళున్న దిక్కుకు పోతున్నారు. కూలి జనం బోరుబావుల కింది దానిమ్మ తోటలకు ఆటోల్లో పోయి వస్తున్నారు. ఆ తోటలు ఎర్రమిట్ట గేటుకు అవతల. కృప వాళ్ళమ్మ రెబెకా కూడా అట్లాగే పోతుంది. కూతురికి సర్కారు ఉద్యోగం వచ్చింది కదా, ఇంట్లో కూర్చోమంటే, "నా కాళ్ళు ఏమన్నా ఇరిగినాయా?" అని ఎదురు తిరుగుతుంది. ఎండ దిగకముందే పని వదులుతారు. ఇంచుమించు ఆ వేళకే గుంతకల్లు ఎక్స్‌ప్రెస్ వస్తుంది.

వెనక స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్ బయల్దేరిందని కబురు రాగానే కృప గేటుకు ఫోన్ చేసింది.

"ఎర్రప్పన్నా, ఎక్స్‌ప్రెస్ వస్తాంది. నంబరు?"

"నలభై ఏడు మేడం."

"నలభై ఏడు" అని తిరిగి చెప్పి, పుస్తకంలో రాసి, రెండో చేత్తో ప్యానెల్ మీద మీటలు నొక్కింది. సిగ్నళ్ళు పచ్చబడ్డాయి. ఫోన్ పెట్టేయబోతుండగా అవతలి నుంచి ఆమె చెవిన ఒక చప్పుడు పడింది. గొర్రెల మెడగంటలు, వాటి మీదుగా గుక్క తిప్పుకోకుండా మోగుతున్న ఆటో హారను. అంతలోనే ఫోన్ తెగిపోయింది.

పాయింట్స్‌మన్ రాజేంద్ర పచ్చజెండా చంకలో పెట్టుకుని బయటికి నడుస్తున్నాడు. అతను పదేళ్ళుగా అదే స్టేషన్‌లో ఉన్నాడు, దేనికీ తొందరపడడు.

కృప కుర్చీలోంచి లేవలేదు. గొర్రెలు వేసిన గేటు ముందర నిలబడి ఉండొచ్చు కదా, అనుకుంది. నంబరు వచ్చింది. నంబరు వస్తే గేటు పడినట్టే. కాబట్టి గేటు పడింది. ఎక్కడా వంక లేదు. కానీ ఆమె గొర్రెల కాపరి కూతురు. నిలబడిన మంద గంటలు ఒకటీ అరా, ఉండుండి మోగుతాయి. నడిచే మంద గంటలు ఎడతెగకుండా మోగుతాయి. ఆమె విన్నది నడిచే మందను.

అప్పుడు తట్టింది అసలు సంగతి. బండి వస్తోందని ఎర్రప్పకు తెలిసిందే తన ఫోన్‌తో. తను అడిగింది, అతను అదే ఊపిరిలో నంబరు చెప్పాడు. మరి మధ్యలో బయటికి ఎప్పుడు పోయాడు? గేటు ఎప్పుడు దించాడు? తాళం ఎప్పుడు వేశాడు?

ఈ రోజే కాదు. నిన్న కూడా అంతే. మొన్న కూడా అంతే. కొత్తగా వచ్చినప్పుడు తను "గేటు వేసినావా అన్నా?" అని అడిగేది. "ఏస్తా మేడం, మీరు రాసుకోండి" అనేవాడతను. కొన్నాళ్ళకు ఆ ప్రశ్న అరిగిపోయింది. "నంబరు?" అని మాత్రం మిగిలింది. గేటు అనే మాట వాళ్ళిద్దరి నడుమ నుంచి ఎప్పుడు జారిపోయిందో ఇద్దరికీ తెలియదు. నంబరు మాత్రం ఏ రోజూ తప్పలేదు.

ఆమె మళ్ళీ గేటుకు ఫోన్ చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

"రాజేంద్రన్నా! గేటు పడలేదు!"

రాజేంద్ర గుమ్మంలో ఆగాడు. "నంబరు రాలేదా?"

"వచ్చింది."

"వస్తే మనకేంది మేడం? రాసుకున్న్యారు కదా. నంబరు వచ్చినాక సిగ్నల్ ఎనక్కి తీస్తే మన మెడకే సుట్టుకుంటాది. ఎక్స్‌ప్రెస్‌ను ఏంటికి నిలిపినావని గుంతకల్లు నుంచి నన్నూ నిన్నూ పిలిపిస్తారు."

అతను అన్నది అక్షరాలా నిజం. బండిని వదిలేసి ఏదైనా జరిగితే కృప మీద ఈగ వాలదు. నలభై ఏడు అని పుస్తకంలో ఉంది. ఆపేసి, తీరా గేటు పడే ఉంటే, ఆమెది పిచ్చి అని రాస్తారు. దూరంగా ఇంజిన్ కూత వినబడింది. కిటికీ అద్దం సన్నగా అదరడం మొదలైంది. గేటు కాడ కూలి ఆటో ఉంది, హారను విన్నది కదా. అందులో ఎవరెవరు ఉంటారో ఆమెకు బాగా తెలుసు. అట్లాగని అమ్మ కోసమే ఆపిందంటే అబద్ధమవుతుంది. ఆ క్షణంలో ఆమెకు అమ్మ మొహం కనబడలేదు, బోర్డు మీది ఎద్దు కనబడింది.

మీటలు నొక్కింది. పచ్చవన్నీ ఎర్రబడ్డాయి. వాకీటాకీ లాక్కుని గొంతు చించుకుని అరిచింది. "పైలట్, స్టాప్! ముందర గేటు తెరిచి ఉంది! వెంటనే ఆపండి, స్టాప్, స్టాప్!"

ఇంజిన్ అప్పటికే ప్లాట్‌ఫారం మొదట్లోకి వచ్చేసింది. బ్రేకులు పడ్డాయి. ఇనుము ఇనుమును కొరికే చప్పుడుకు రాజేంద్ర చెవులు మూసుకున్నాడు. పెట్టెలు ఒకదాని వెంట ఒకటి ఆమె ముందు నుంచి జారిపోతూనే ఉన్నాయి, ఆగవే! ఎర్ర సిగ్నల్‌ను దాటి ఇంజిన్ గుట్ట మలుపులోకి పోయింది. చివరికి బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. తోక పెట్టెలు స్టేషన్‌లో ఉన్నాయి. తల ఎక్కడుందో కనబడదు. ఏమైనా జరిగిందో లేదో, ఆ మలుపు అవతల.

వాకీటాకీలో బండి నడిపే పైలట్‌ను మళ్ళీ పిలిచింది. గరగర తప్ప ఏమీ లేదు. "దేవా, దేవా" అని నోరు అంటూనే ఉంది, చేతులు మాత్రం బల్లను పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉన్నాయి. రాజేంద్ర బండి పక్కన పరుగెత్తాడు, జీవితంలో మొదటిసారి.

గేటు ఫోన్ మోగింది.

"మేడం..." ఎర్రప్ప గొంతు. ఏడుస్తున్నాడో రొప్పుతున్నాడో తెలియలేదు.

"ఎవరికైనా ఏమన్నా అయ్యిందా? చెప్పన్నా!"

"లేదు తల్లీ, లేదు. ఆగింది. ఈడికి ఈడ ఆగింది. గొర్రెలు కాసే ఆంజిగాని మంద సగం ఇట్ల, సగం అట్ల. మందను నడిమికి తెంచితే గొర్రె ఇనదు కదా, పిల్లలు ఈ పక్క, తల్లులు ఆ పక్క, మళ్ళా ఎనక్కి తిరుక్కొన్న్యాయి. ఆటో వాటిల్లో ఇరుక్కొని పట్టాల నడిమిన నిలబడిపోయె. నేను తోస్తాండా, ఫోన్ మోగుతాండాది, నేనేం జెయ్యాల?"

"నంబరు ఎందుకిచ్చినావు?"

"ఎప్పుడూ ఇచ్చేదే కదా! మీరు అడిగితిరి, నేనిస్తి. ఇచ్చినాక ఏసేవాణ్ణి. ఇన్నేండ్లలో ఒక్కనాడన్నా తప్పినానా?" గొంతు తగ్గించి అన్నాడు, "ఎవరి కోసం తెరిచి పెట్టినా తల్లీ? మీ యమ్మోళ్ళు ఎండకు సచ్చి వస్తాన్న్యారని, ఒక్క ఆటో పోనిచ్చి ఏస్తామని. సిగ్నల్ దానంతట అదే ఎర్రబడిందని జెప్పు. అది జెప్పితే నీకూ బాధ లేదు, నాకూ బువ్వ ఉంటాది."

అటువైపు ఎవరో ఫోన్ లాక్కున్నారు.

"పాపా." రెబెకా. "బాగుండాం మేం. భయపడగాకు. ఇట్ల ఇను. ఈ పెద్దాయప్ప పొట్ట కొట్టగాకు. రోజూ చెంబుడు నీళ్ళు ఇస్తాడు మాకు. మంచోడు."

"మంచోడే మా. నేను కాదన్లేదు."

"మరి సిగ్నలు చెడిందని ఒక మాట అంటే నీ సొమ్మేం పోయింది? ఎవరూ సావలేదు కదా. ఒట్టి మాట పాపా అది."

అప్పుడు పొంగింది కృపకు కోపం. అమ్మ మీద కాదు, ఎర్రప్ప మీదా కాదు. రోజూ అదే కుర్చీలో కూర్చుని "నంబరు?" అని అడిగిన ఆడమనిషి మీద.

"మా, నువ్వు పట్టాల నడుమ ఉంటివి. నా పుస్తకంలో మాత్రం గేటు పడి ఉండాది. గేటు పడితే పట్టాల మీద ఎవరూ ఉండరు. అంటే నువ్వు ఆడ లేవు. తెలుస్తాందా? నా లెక్క ప్రకారం నువ్వు లేనే లేవు మా. లెక్క తప్పు కాదు. ఆ లెక్కతోనే నీ మీదికి బండిని పంపిస్తిని."

అవతల గాలి చప్పుడు, గొర్రెల అరుపులు.

బల్ల మీద రెండో ఫోన్ మోగింది. అది గుంతకల్లు కంట్రోలు. రాజేంద్ర అప్పుడే చెమటలు కక్కుతూ వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. "ఇంజినుకూ ఆటోకూ మధ్య ఒక ఎడ్లబండి పట్టేంత జాగా లేదు మేడం" అన్నాడు. ఫోన్ వైపు చూసి, చెయ్యి జోడించి, పెదాలతో అన్నాడు: సిగ్నల్ ఫెయిల్.

ఒకే ఒక్క మాట. అన్న వెంటనే అన్నీ వాటంతట అవే చక్కగా నడుస్తాయి. సిగ్నల్ ఫెయిలైతే మెకానిక్కు వస్తాడు, ఏమీ దొరకలేదంటాడు, ఫైలు మూసేస్తారు. ఎర్రప్ప ఉద్యోగం నిలబడుతుంది. తన మీద మచ్చ ఉండదు. అమ్మ సాయంత్రం నవ్వుతుంది. ఒక్క అడుగు కూడా తప్పకుండా, అంతా పద్ధతి ప్రకారం. రేపు మళ్ళీ తను "నంబరు?" అంటుంది.

ఆమె ఎత్తింది.

"ఎక్స్‌ప్రెస్ ఎందుకు నిలబడింది? గేటు నంబరు రాలేదా?" అన్నాడు కంట్రోలరు.

"వచ్చింది సార్. నలభై ఏడు. కానీ గేటు వేయలేదు."

"అదెట్లా? నంబరు వచ్చి గేటు వేయకపోవడం ఏంటమ్మా?"

"వేయకముందే నంబరు చెప్పినాడు సార్. నేను రాసుకున్నాను. గేటు వేసినావా అని నేను అడగలేదు. ఇయాళే కాదు, చాన్నాళ్ళుగా అడగడం లేదు. గేటు మీద మంద, కూలి ఆటో ఉన్నాయి. సిగ్నళ్ళు నేనే వెనక్కి తీశాను."

"నీ మీద కూడా ఎంక్వైరీ వస్తుందని తెలుసు కదా?"

"తెలుసు సార్."

రాజేంద్ర తల పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు. "నీ ఇంటిని నువ్వే కాల్చుకుంటివి గదమ్మా" అన్నాడు. చేసింది ఒప్పేనని ఆమెకు తెలుసు. అయినా ఒక ముసలాయన కంచం తన చేత్తోనే లాగేసినట్టుంది. రెండూ నిజమే, ఒకటి ఇంకొకదాన్ని తగ్గించలేదు.

ఆంజి మందను ఒక పక్కకు చేర్చుకునేసరికి, ఆడవాళ్ళంతా దిగి ఆటోను తోసేసరికి చాలాసేపు పట్టింది. తరువాత ఎక్స్‌ప్రెస్ మెల్లగా, ఎవరో అనుమానంతో అడుగేస్తున్నట్టు, మలుపు తిరిగిపోయింది. గేటుకు వేరే మనిషి జీపులో బయల్దేరాడని కబురు వచ్చింది. ఆయన వచ్చేదాకా ఎర్రప్పే ఉండాలి.

ఆ లోపల ఒక గూడ్సు ఉంది.

వెనక స్టేషన్ వాళ్ళు అడగగానే కృప గేటుకు ఫోన్ చేసింది. ఇద్దరి మధ్యా మామూలుగా ఉండే పలకరింపు లేదు.

"గూడ్సు వస్తాంది అన్నా." ఆగింది. నాలుక మీదికి నంబరు అనే మాట వచ్చింది, మింగింది. "గేటు వేసినావా?"

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. తరువాత చెప్పుల చప్పుడు దూరమైంది. గాలి. గొలుసు గిర్రున తిరిగిన చప్పుడు, దూలం దిగి ఆనుకున్న చప్పుడు, తాళం రెండుసార్లు తిరిగిన చప్పుడు. ఎవరో మోటారు సైకిలువాడు "ఏమప్పా, ఒక్క నిమిషం!" అని అరిచాడు. ఎర్రప్ప వాడితో ఏమీ అనలేదు. ఇన్నాళ్ళూ ఈ చప్పుళ్ళు తన చెవిన ఎన్నడూ పడలేదని కృపకు అప్పుడు తెలిసింది. రాజేంద్ర గోడ మీది గడియారం వైపు చూశాడు. వెనక స్టేషన్ వాళ్ళ ఫోన్ ఓపిక లేనట్టు మోగింది. ఆమె ఎత్తలేదు.

చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది.

"ఏసినా తల్లీ" అన్నాడు ఎర్రప్ప. గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. "తాళం పెట్టినా. పట్టాల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి వస్తి. ఎవరూ లేరు. మీ యమ్మ ఇంటికి పోయింది." కాగితం తిప్పిన అలికిడి. "పన్నెండు."

"పన్నెండు" అంది కృప. రాస్తుంటే కళ్ళకు నీళ్ళు అడ్డం వచ్చి అంకె వంకరపోయింది. తుడిచి మళ్ళీ రాసి, సిగ్నల్ ఇచ్చింది.

గూడ్సు పోయిన కాసేపటికి వేరే మనిషితో జీపు ఎర్రమిట్టకు చేరింది. ఎర్రప్ప ఆమెకు చెప్పిన నంబర్లలో అదే ఆఖరుది. గేటు వేసి చెప్పిన నంబరు, ఆమెకు తెలిసినంతలో, అదొక్కటే.